జీడితోట పెద్దమ్మ అడిగిన ప్రశ్న

పెద్దమ్మ పోయిందన్న కబురు ఆవిడ అల్లుడు చెప్పాడు. ఏలూరులో నేను పనిచేసే పురుగుమందుల షాపుకి యూరియా కోసం వచ్చి, బస్తా భుజానికెత్తుకుంటూ, "మా అత్తగారు పోయారండి, మొన్న ఆదివారం. మామూలు జ్వరమే అనుకున్నాం" అన్నాడు. నేను "తోట ఎలా ఉంది?" అన్నాను. చావు కబురు తెచ్చిన మనిషిని అడగాల్సిన మాట కాదది.

ఆవిడ నాకు చుట్టం కాదు. జంగారెడ్డిగూడెం దాటి చాలా దూరం వెళ్ళాక, కొండవాలులో ఆవిడకు జీడిమామిడి తోట ఉండేది. మా షాపుకి వచ్చేవాళ్ళంతా భీమడోలు, గణపవరం వైపు వరి రైతులు. వరికి ఏ పురుగు పడితే ఏ మందు కొట్టాలో తడుముకోకుండా చెప్పేవాణ్ణి. కొండ సంగతి నాకేం తెలుసు?

మొదటిసారి వచ్చినప్పుడు మోదుగాకుల్లో చుట్టిన జీడికొమ్మ తెచ్చి కౌంటరు మీద పెట్టింది. పూత నల్లగా మాడిపోయి ఉంది.

"ఇదివరకు పొద్దెక్కితే మంచు పోయేది బాబూ. ఇప్పుడు మధ్యాహ్నం దాకా కొండ మీదే కూర్చుంటోంది. ఇది మంచు చేసిన పనా, పురుగు చేసిన పనా?"

కంపెనీవాళ్ళు ఇచ్చిన పుస్తకం తిరగేసి, "టీ దోమ అండి" అన్నాను.

"టీ అంటే తేయాకేనా? మా కొండ మీద తేయాకు మొక్కే లేదే. దానికి దారెవరు చెప్పారు?"

షాపులో అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నిజంగానే అడిగింది.

మందిచ్చి, పూత మీదే కొట్టమన్నాను. దోమ పోయింది. కానీ కాయ నిలవలేదు. పెద్దమ్మ మళ్ళీ రెండు బస్సులు మారి వచ్చి, నన్ను తోటకి తీసుకెళ్ళింది. చెట్ల కింద నిలబెట్టి, "విను" అంది. ఏమీ వినపడలేదు.

"అదే బాబూ. ఇదివరకు పూతకాలంలో తేనెటీగల రొదకి పక్కమనిషి మాట వినపడేది కాదు."

పూతలో కొట్టమన్నది నేనే. నా మొహం చూసిందేమో, "పూతలో వాన కూడా పడిందిలే. ఎన్నడూ పడేది కాదు. పుప్పొడిని వాన కడిగేసిందో, ఈగల్ని మందు చంపిందో! నీ ఒక్కడి మీదే ఎలా వేస్తాను?" అంటూ కొంగులో కట్టుకొచ్చిన వేయించిన జీడిపప్పు నా చేతిలో పోసింది. ఆ పప్పు నమలడానికి చాలాసేపు పట్టింది.

మరుసటి ఏడు తోట మధ్య రాళ్ళు వరసగా పేర్చింది. పై సగానికి మందు కొట్టించింది, కింది సగాన్ని వదిలేసింది. పైన బాగా కాసింది. నేను సంబరపడితే, "పూత చూసి పందిరి వెయ్యకూడదు బాబూ, ఇంకో ఏడు చూద్దాం" అంది. ఆ తర్వాతి ఏడు అలాగే చేస్తే కింద కాసింది, పైన మాడింది. పైగా మొదళ్ళు తొలిచే పురుగొకటి పడి, అయిదు చెట్లు నరికించాల్సి వచ్చింది. వ్యవసాయ శాఖ ఆఫీసరు గారిని అడిగాను. "వాతావరణం మారిపోతోందండి, పాత లెక్కలు పనికిరావు" అన్నారు. కొత్త లెక్కలేవండీ అంటే ఆయనా చేతులెత్తేశారు.

అప్పటి నుంచి గణపవరం రైతు వచ్చి ఆకు చూపించినా, మంచు ఎన్నాళ్ళుంది, వాన ఎప్పుడు పడింది అని అడిగాకే సీసా తీస్తున్నాను. కొన్నిసార్లు, "నాకు తెలియదండి" అని పంపేస్తున్నాను. మా ఓనరు గారు కోప్పడ్డారు. అయినా ఆ మాట అనడం నాకు నేర్పింది పెద్దమ్మే. నేనిచ్చిన మందు మేలు చేసిందో కీడు చేసిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

దినానికి వెళ్ళాను. ఎండాకాలం చివర. కోతలయిపోయి చెట్లు ఊరికే ఉండాల్సిన రోజులు. భోజనాలయ్యాక పెద్దమ్మ కూతురు నన్ను తోటలోకి పిలిచింది. ఒక కొమ్మ వంచి పట్టుకుంది. దాని నిండా లేత పూత, అప్పుడే విచ్చుకున్నట్టు.

"ఇదేంటండీ, ఇప్పుడు పూసింది? ఉంచమంటారా, విరిచెయ్యమంటారా?"

నేను ఆ చెట్టు కింద నిలబడి తేనెటీగల రొద కోసం చెవి పెట్టాను. ఆమె కొమ్మని వదల్లేదు. గాలికి ఆ పూత రాలి, ఆమె ముంజేతి మీద సన్నగా పడుతూనే ఉంది.