నానమ్మ కబురు మోసుకుని లైబ్రరీకి వెళ్ళాం

మా నానమ్మ పోయింది. ఆ మాట చెల్లి లావణ్యకు చెప్పడానికి నేనూ నాన్నా పోయిన వారం పద్మనాభం నుంచి విశాఖపట్నం వెళ్ళాం. లావణ్య తను ప్రేమించిన అమ్మాయితోనే బతుకుతానని ఇల్లు వదిలిపెట్టింది. నిరుడు నాన్న తనకు గుండెనొప్పని అబద్ధం చెప్పించి, చెల్లిని రప్పించి, గదిలో పెట్టి తాళం వేశాడు. ఎవరూ లేనప్పుడు ఆ తాళం తీసింది నానమ్మే. అప్పటినుంచి లావణ్య మా ఎవరి ఫోనూ ఎత్తదు. విశాఖలో ఎల్జీబీటీక్యూ వాళ్ళు నడుపుకునే ఒక లైబ్రరీకి వస్తుంటుందని మాత్రం తన స్నేహితురాలు చెప్పింది. మాలాగే ఇంటిమనిషిని వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళు ఇంకా ఉంటారని ఇది రాస్తున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బయల్దేరాం. పద్మనాభం నుంచి ఆనందపురం దాకా ఆటో, అక్కడినుంచి విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌కు బస్సు. ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి ఆధార్ చూపిస్తే నాకు టికెట్టు లేదు, నాన్నకు మాత్రం కొన్నాం. మధురవాడ దాటాక ట్రాఫిక్కులో చాలాసేపు ఆగిపోయాం, కాబట్టి ఓ గంట ఎక్కువే వేసుకోండి. కాంప్లెక్స్ నుంచి పాత పోస్టాఫీసు వైపు షేర్ ఆటో, మనిషికి ఇరవై. "ఏ పని మీద బాబూ ఇటేపు?" అని డ్రైవర్ అడిగాడు. "పుస్తకాలకి" అన్నాడు నాన్న.

వీధి పేరు ఇక్కడ రాయను. పాత మేడ మీద రెండు గదులు, బయట బోర్డు లేదు. పోర్టు బొగ్గు దుమ్ము కిటికీ అంచుల మీద నల్లగా పేరుకుంది. లైబ్రరీ చూసుకునే జెస్సీ గారు తడిగుడ్డతో అరలు తుడుస్తున్నారు. ఆవిడ ట్రాన్స్ మహిళ, యాభై దాటి ఉంటాయి. నాన్న గడప దాటగానే, మూల కూర్చుని చదువుకుంటున్న ఒకమ్మాయి పుస్తకం మూసి లోపలి గదిలోకి వెళ్ళిపోయింది.

"లావణ్య నా కూతురమ్మా. మాయమ్మ పోనాది. పెద్దకర్మకి రమ్మని సెప్పడానికొచ్చినాను" అన్నాడు నాన్న.

"ఎవరొత్తారో, ఎక్కడుంతారో మేం ఎవరికీ సెప్పం బాబూ. అయినా పోయినసారి మీకు గుండెనొప్పన్నారు కదా?"

నాన్న తల దించుకున్నాడు. "అప్పుడు అబద్ధమే ఆడించినాను తల్లీ. ఇప్పుడు కాదు."

దండ వేసిన నానమ్మ ఫొటో ఫోన్లో చూపించాను. జెస్సీ గారు దాన్ని చూసి తిరిగి ఇచ్చేశారు. "బతికున్నోళ్ళకి దండలేసిన ఫొటోలు కూడా సూసేనమ్మా నాను."

ఆ మాటకు నాకు కోపం రాలేదు. మా ఇంట్లో జరిగింది తెలిసిన మనిషి ఇంకేం అంటుంది? చివరికి ఆవిడే మమ్మల్ని బయట బెంచీ మీద కూర్చోబెట్టి, లావణ్యతో మాట్లాడ్డానికి తన ఫోన్ తీసుకుని లోపలికెళ్ళి, కాసేపటికి వచ్చారు. "ఎలా పోయిందని అడుగుతంది."

"మధ్యాహ్నం భోంచేసి పడుకుంది. లేవలేదు" అన్నాను.

మళ్ళీ వెళ్ళారు. ఈసారి వచ్చేసరికి గొంతు మారింది. "నమ్మింది. అబద్ధమైతే ఇంకా ఏదో కలిపేవోరంట. ఏడుత్తంది. పెద్దకర్మకి మాత్రం రాదంట."

నాన్న లేచి నిలబడ్డాడు. "నానుండనని సెప్పమ్మా. ఆ రోజు నాను ఊర్లోనే ఉండను. అది వచ్చి వాళ్ళ నానమ్మకి దండం ఎట్టుకుని పోనీ."

కర్మ చేయాల్సిన ఒక్కగానొక్క కొడుకు ఆ మాట అంటాడని నేను అనుకోలేదు. జెస్సీ గారు ఆ మాట ఫోన్లో చెప్పి వచ్చి, మెల్లగా అన్నారు: "వద్దంది బాబూ. మీరే దగ్గరుండి సెయ్యాలంట. మీకు టీ ఇచ్చి పంపమంది. సుగరుంది, పంచదార ఎయ్యొద్దంది."

నాన్న ఆ టీ చివరిదాకా తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

తిరుగు బస్సులో మాకు సీట్లు దొరకలేదు, నిలబడే వచ్చాం. చావు కబురు కూడా నమ్మించుకోవాల్సిన స్థితికి ఒక ఇల్లు వస్తుందని నాకు ఇదివరకు తెలియదు. పెద్దకర్మ అయిపోయింది, లావణ్య రాలేదు. వస్తుందని నాన్న ఇప్పుడు అనడం లేదు. నేనూ అనడం లేదు. వెళ్ళాల్సినవాళ్ళకు ఒక్కటే చెప్తాను: అలాంటి చోటికి వెళ్తే అడ్రసు మాత్రం అడక్కండి. చెప్పాల్సింది నిజంగా చెప్పి, బయట బెంచీ మీద కూర్చోండి. కబురు చేరుతుంది. మనిషి రావడం మన చేతిలో లేదు.