కానుగాకు మీద తెల్లగూడు

హిందూపురం నుంచి ధర్మవరానికి రోజూ రైల్లో ఉద్యోగానికి వెళ్ళివచ్చేవాణ్ణి నేను. ఒకనాడు మా వీధి కానుగచెట్టు ఆకు మీద తెల్లటి వంకర గీత కనబడింది. వెలుతురుకు పట్టి చూస్తే, పైపొర కింద సన్నని పురుగు కదులుతోంది! అంత పలచని ఆకులో సొరంగం తవ్వుతూ, తవ్విందే తింటూ బతికేస్తోంది. ఆనాటి నుంచి అది ఆకునే కాదు, నన్నూ తొలవసాగింది.

పెనుకొండలో రైలు ఆగగానే దిగి, ప్లాట్‌ఫారం పక్కన కానుగ చూశాను. గీతలు! ధర్మవరం స్టేషను బయట చూశాను. అక్కడా గీతలే! మూడు ఊళ్ళలోనూ ఉన్నది ఒకటే పురుగా? గూడు కట్టి, రెక్కల పురుగై బయటికొస్తే గాని తెలియదు. ఆ రెక్కలు నేనెన్నడూ చూడలేదు.

తోటి ప్రయాణికుడొకాయన నా చేతిలో ఆకుల కట్ట చూసి, "ఏమప్పా, మేకను యాడ కట్టేసినావు?" అన్నాడు.

"ఇంకా కొనలేదన్నా, ముందు మేత పోగేస్తాండా" అన్నాను.

మూడు ఊళ్ళ ఆకుల్నీ మూడు సీసాల్లో వేసి, మూతికి గుడ్డ కట్టి, వంటింటి కిటికీలో పెట్టాను. నాలుగోనాటికి ధర్మవరం పురుగు ఆకులోంచి బయటికొచ్చి, బియ్యపు గింజంత తెల్లగూడు అల్లుకుంది. ఎగిరి గంతేశాను! మర్నాడు ఇంటికొచ్చేసరికి ఆ సీసా ఖాళీ.

"అమ్మా, ఆకు యాడ?"

"ఈడే ఉండాది నాయనా. ఇడ్లీలు దించినాక ఆ ఆవిర్లోనే పెట్టి తీసినా. లేకుంటే పురుగు గూడు కొరుక్కొని పోతుంది గదా!"

అమ్మ ముప్పై ఏళ్ళు పట్టుగూళ్ళ నుంచి దారం తీసింది. పురుగు గూడు చీల్చుకుని వస్తే దారం పనికిరాదు. అందుకే ముందే ఆవిరి పట్టించి చంపేస్తారు. అది అమ్మ చేతికి అలవాటైన పని.

"దాని రెక్కలు చూద్దామనుకున్నానమ్మా."

అమ్మ ముఖం చిన్నబోయింది. "లచ్చల గూళ్ళు చూసినా గానీ, రెక్కల దాకా ఒక్కదాన్నీ రానియ్యలే నాయనా."

రెండ్రోజులకు పెనుకొండ సీసాలో ఇంకో గూడు వెలిసింది. ఈసారి స్టూలు వేసుకుని, నా భూతద్దం చేతబట్టుకుని అమ్మే కాపలా కూర్చుంది. ఒక ఆదివారం పొద్దున నేను గడ్డం గీసుకుంటుంటే కేక: "ఒరేయ్, వస్తాండాది! బిరీన రా!"

సగం నురగతోనే పరుగెత్తాను. గూడు కొసన జీలకర్ర గింజంత ప్రాణి వణుకుతోంది.

"భూతద్దం ఇటియ్యమ్మా!"

"ఉండరా, ఇంకో రెక్క ఇప్పుతాండాది" అంటూ అమ్మ కిటికీకి అడ్డంగా వంగింది. ఎంత బతిమాలినా ఇవ్వలేదు.