మొదటి లాటు ఫొటో

గుంటూరు శివార్లలో మిర్చి దాచే ఒక కోల్డ్ స్టోరేజీకి నేను వెబ్ యాప్ రాశాను. సరుకు రాగానే గుమస్తా నాలుగు కాయలు అరచేతిలో పెట్టుకుని, ఫొటో తీసి ఎక్కిస్తాడు. రైతు తన ఊళ్లోనే ఉండి ఫోన్‌లో చూసుకుంటాడు. ఒక్కో రైతు తెచ్చిన సరుకు ఒక లాటు; లాటుకు ఒక్క ఫొటో.

ఆఫీసు కంప్యూటర్ నిండిపోవడంతో ఫొటోలు నేరుగా క్లౌడ్‌లోకి వెళ్లేలా కలిపే పని నా నెత్తిన పడింది. అనుమతి లేదంటూ వారమంతా తెర మీద ఎర్ర అక్షరాలే. స్టోరేజీ ఆఫీసులో ఆ మిర్చి ఘాటుకు తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాను. ఎలాగో కలిసింది. హమ్మయ్య అని ఇంటికెళ్లి పడుకున్నాను.

మర్నాడే పర్చూరు నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు.

"నా లాటు తెరిస్తే ఎంకన్నసామి కనపడతన్నాడేందండీ? నా కాయలేయి?"

గుమస్తాను అడిగితే నా మీదే లేచాడు.

"కొత్త చోటు గదండీ! దేవుడితో బోణీ చెయ్యకుండా ఎట్టా ఎక్కిస్తాం? ఇంక రోజూ మొదటి ఫొటో ఆయనదే."

"అది తీసేసి కాయలు పెట్టండి."

"ఆ పాపం నాకెందుకు? మీరే తీసెయ్యండి."

విసుగ్గా లాప్‌టాప్ తెరిచాను. నేను ఆదివారం చర్చికి పోయేవాణ్ణి, నాకేం పట్టింపు? డిలీట్ నొక్కాను.

"నిజంగా తీసెయ్యాలా?" అని నేను రాసిన యాప్ నన్నే అడిగింది.

చెయ్యి రాలేదు.

మళ్లీ కోడ్ తెరిచి, లాటుకు రెండు ఫొటోలు పట్టేలా మార్చడం మొదలుపెట్టాను.