ఆ కారు చప్పుడు

ఎనభైల మొదట్లో మేము భిలాయి సెక్టర్ 7 క్వార్టర్లో ఉండేవాళ్ళం. పెట్రోలు తక్కువ తాగి, దారిలో మొరాయించని చిన్న కారు కోసం మావారు నెలల తరబడి వెతికారు. చివరికి కోహ్కాలో, మా ఆడపడుచు ఉండే వీధిలోనే, ఒక తెలుగావిడ భర్త పోయాక ఆయన కారు అమ్ముతోందని తెలిసింది.

ఇద్దరం వెళ్ళి కారును ఒక చుట్టు తిప్పి చూశాం. ఇంజను చక్కగా ఉంది. తిరిగొచ్చి గేటు ముందు ఆపగానే, చూపు సరిగా ఆనని ఒక ముసలమ్మ గోడ పట్టుకుంటూ గబగబా బయటికొచ్చింది.

"ఇంతాలీసమైపోనాదేటి బాబూ? కాళ్ళు కడుక్కో, అన్నం ఎట్టేస్తాను" అంటూ కారు దిగిన మావారి మొహం తడిమింది. మీసం దగ్గర ఆ చెయ్యి ఆగిపోయింది.

"బండి మాత్రం మాదే" అంది ముసలమ్మ, మెల్లిగా.

"ఆయన లేరని మా అత్తకి రోజూ చెప్తన్నాం అన్నియ్యా. ఈ చప్పుడింటే మరిసిపోతాది. తీసుకెళ్ళిపోండి" అని కారు అమ్ముతున్న ఆ కోడలు ఏడ్చింది.

కొన్నాం. ఆ కారు ఏళ్ళ తరబడి ఒక్కరోజు కూడా మొరాయించలేదు. అయినా ఆడపడుచు ఇంటికి వెళ్ళినప్పుడల్లా మావారు వీధి మొదట్లోనే ఇంజను ఆపేసేవారు. నేను దిగి వెనకనుంచి తోసేదాన్ని.

"ఇలాంటి ఖటారా డొక్కు బండి కొన్నావేటి భయ్యా!" అని పాన్ దుకాణం దగ్గర నవ్వేవారు. నేను ఇంకాస్త గట్టిగా తోసేదాన్ని. ఆ గేటు దాటుతూ ఓరగా చూసేదాన్ని. ముసలమ్మ వరండాలో, వీధివైపు చెవి పెట్టి కూర్చుని ఉండేది.