ఎక్కడికని అడగని రోజు

మొన్న మా మనవరాలు స్కూటరు తాళం వేలికి తిప్పుకుంటూ గుమ్మం దాటుతుంటే నోరూరుకోక ఎక్కడికే అన్నాను. బయల్దేరిన పిల్లని అలా అడుగుతారా అత్తయ్యా అని వంటింట్లోంచి మా కోడలు విసుక్కుంది. ఆ పిల్ల మాత్రం వెనక్కి తిరగకుండానే ఏదో వీధి పేరు చెప్పి విజయనగరం రద్దీలో కలిసిపోయింది. ఎనభై దాటిన నాకు ఆ పెట్రోలు పొగలో ఉప్పుగాలి వాసన ఎలా తగిలిందో తెలీదు గాని, కూర్చున్న కుర్చీలోంచే నౌపడ వెళ్ళిపోయాను.

నా వయసు వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. గుమ్మం దాటే మనిషిని ఎక్కడికని అడిగితే వెళ్ళిన పని చెడుతుందనేవారు మన రోజుల్లో. పొరపాటున ఎవరైనా అడిగితే వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరితే దోషం పోయేది. ఈ ఆచారాన్ని నేను మా పెద్దమ్మాయి మీద ప్రయోగించి నా పబ్బం గడుపుకున్నాను.

అప్పట్లో మాకు నౌపడ స్టేషను దగ్గర పచారీ కొట్టు ఉండేది, కొట్టు వెనకే ఇల్లు. పెద్దమ్మాయికి పదిహేనో ఏట పెళ్ళి చేశాం. అల్లుడు రంగూన్‌లో గుమాస్తా, పెళ్ళయిన నెలకే తిరుగు ప్రయాణమయ్యాడు. రైలు వేళవుతోందన్న కంగారులో, గడప మీదున్న మనిషిని పట్టుకుని, ఎక్కడికి బాబూ తినకుండా అనేశాను. లోపలికొచ్చి కూర్చోమని అందరూ అన్నారు గాని, రైలు నాకోసం ఆగదత్తయ్యా అని నవ్వి వెళ్ళిపోయాడు. తరవాత యుద్ధం వచ్చింది, రంగూన్ మీద బాంబులు పడ్డాయి, మనవాళ్ళు అడవులకడ్డంపడి నడిచి వచ్చారు. వచ్చినవాళ్ళలో మా అల్లుడు లేడు. ఉన్నాడని చెప్పినవాళ్ళూ లేరు, పోయాడని చెప్పినవాళ్ళూ లేరు. నీ నోటి వల్లే అని నన్నెవరూ అనలేదు, నాకు నేనే అనుకున్నాను.

పిల్ల ఓ ఏడాది ఏడ్చింది. తరవాత లేచింది, లేచిన కాలు మరి నిలవలేదు. ఉప్పుమడుల గట్ల వెంట చెప్పుల్లేకుండా సముద్రందాకా పోయేది. తాటాకు కప్పిన ఉప్పుకుప్పల మధ్య దాని నీలం చీర చిన్నదై చిన్నదై ఎండలో కరిగిపోయేదాకా పెరట్లో నిలబడి చూసేదాన్ని. పర్లాకిమిడి వైపు పోయే చిన్నరైలు ఎక్కి ఊరికే చివరిదాకా వెళ్ళి అదే బండిలో తిరిగొచ్చేది. ఆ బండి నడక చూస్తే, దిగి రేగుపళ్ళు కోసుకుని మళ్ళీ ఎక్కొచ్చు. మా అమ్మాయి ఆ పనీ చేసిందని గార్డు వచ్చి మా ఆయనతో చెప్పాడు. రామతీర్థం తీసుకెళ్తే, మేమందరం దర్శనానికి నిలబడ్డవేళ అది ఎదురు కొండెక్కి, పాతకాలపు ఇటుక గోడల మీద ఓ గంట కూర్చుని, ఒళ్ళంతా గడ్డిపూలతో దిగింది. అయినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. నాకు కోపం వచ్చేది, భయం వేసేది, నిజం చెప్పొద్దూ, కాస్త అసూయ కూడా ఉండేది. మా పెరటి పక్కనుంచే పోయే ఆ చిన్నరైలు అప్పటికి నేనెన్నడూ ఎక్కి ఎరగను.

ఆపలేను కదా, అందుకని అడిగేదాన్ని. అది గడప మీద కాలు పెట్టగానే, "ఎక్కడికెల్తన్నావే?" అనేదాన్ని. "అడిగీసినావా" అంటూ వెనక్కొచ్చి పీట మీద కూలబడేది. మా ఊరి నూతుల్లో నీళ్ళు ఉప్పన, తాగేనీళ్ళు దూరం నుంచి కావిళ్ళతో వచ్చేవి. ఆ నీళ్ళు గ్లాసు నిండా పోసి ఇస్తే, తాగినంతసేపూ కబుర్లు చెప్పేది. ఊరివాళ్ళ మాటలు, సముద్రం రంగు, రాత్రి వచ్చిన కల, ఏదైనా సరే. నేను కావాలనే అడుగుతున్నానని దానికి ఎప్పుడో తెలిసిపోయింది. రానురాను గడప మీద కాలు పెట్టి, నేను అడిగేదాకా అదే ఆగేది.

యుద్ధం ముగిశాక, కొండల్లో సవర పిల్లలకి పెట్టిన బడికి పంతులమ్మ కావాలని తెలిసి, మాకు చెప్పకుండానే ఒప్పుకుంది. ఇల్లు ఎగిరిపోయేలా రభస చేశాను, రెండు రోజులు అన్నం మానేశాను. మా ఆయనది ఒకటే మాట. "కాలికి బలపం కట్టుకున్నదాన్ని కట్టీసి ఉంచగలవేటి? ఎల్లనీ."

ఆ పొద్దున ట్రంకుపెట్టె పట్టుకుని వాళ్ళ నాన్న ముందు నడిచాడు. అది గడప మీద కాలు పెట్టి ఆగింది. మాట నా నాలుక చివర ఉంది. అంతలో స్టేషనులో చిన్నరైలు కూత వేసింది. ఇప్పుడు అడిగితే వెనక్కి రావడానికి వ్యవధి లేదు, దాని మొగుడు వెళ్ళినట్టే నీళ్ళు తాగకుండా పోతుంది, ఆ తరవాత దీన్నీ పోగొట్టుకుంటాను. పెదవులు బిగించుకున్నాను. ఏ దోషమూ తగలకుండా వెళ్ళిరావాలని నేనిచ్చిన దీవెన అది. పిల్ల ఓసారి నా మొహంలోకి చూసి, వెళ్ళిపోయింది.

ఏడాదిపాటు ఉత్తరాలన్నీ వాళ్ళ నాన్న పేరనే వచ్చాయి. నా ఊసే ఉండేది కాదు. ఒకదాంట్లో మాత్రం, అమ్మ ఆరోజు ఎక్కడికని కూడా అడగలేదు, నేను ఏ గంగలో కలిసినా ఒకటే అనుకుంది కాబోలు, అని రాసింది. జవాబు రాద్దామని కూర్చుంటే కలం సాగలేదు. మర్నాడు, నలభయ్యో ఏట, మొదటిసారి చిన్నరైలు ఎక్కాను.

రైలు దిగి, ఎడ్లబండిలో పూటంతా వెళ్తే, కొండ మొదట్లో గడ్డికప్పు బడి. పిల్లల మధ్య నల్లబడి, చిక్కి, నవ్వుతూ ఉంది. నన్ను చూసి నవ్వు ఆపేసింది. కుశలమైనా అడక్కుండా జరిగిందంతా చెప్పేశాను, అల్లుడి సంగతి, రైలు కూత, అన్నీ. పిచ్చి అమ్మా అని నా భుజం మీద పడి ఏడ్చింది. నాలుగు రోజులున్నాను. పొద్దున్నే మంచు గుమ్మంలోకి వచ్చేది, అంబలి తాగి పిల్లల పాటలు వింటూ నిద్రకీ మెలకువకీ మధ్య గడిపాను.

అయిదో రోజు ఎడ్లబండి వచ్చింది. మూట చంకన పెట్టుకుని గడప మీద కాలు పెట్టాను.

"ఎక్కడికే అమ్మా?" అంది వెనకనుంచి.

వెనక్కొచ్చి పీట మీద కూర్చున్నాను. గ్లాసు నిండా ఊటనీళ్ళు ఇచ్చింది. అంత తియ్యటి నీళ్ళు మళ్ళీ తాగలేదు. బండివాడు కేకలేస్తున్నా గుక్కగుక్కా తాగాను.

ఇప్పుడు దానికీ తల నెరిసింది. ఆ కొండల్లోనే ఉంది, ఏడాదికోసారి వస్తుంది, వెళ్ళేటప్పుడు గడప మీద ఆగుతుంది. ఇప్పటి పిల్లలకి శకునాల పట్టింపు లేదు, మంచిదే, నేను పడ్డ బాధ వాళ్ళకి లేదు. అడిగితే ఎక్కడికో చక్కగా చెప్పి వెళ్ళిపోతారు. నేనడిగేది వీధి పేరు కాదని మా మనవరాలికి ఎవరు చెప్తారు?