ప్రొఫెసర్ గారి నోట పడ్డ అంకెలు

“అంకెకు జ్ఞాపకం ఉండదు సబాతీ. పోయిన శనివారం వచ్చానా, రాలేదా అని అది కూర్చుని ఆలోచించుకోదు. లాటరీలో తొంభై అంకెలు కలిపేస్తారు, కళ్లకు గంతలు కట్టిన పిల్లాడు ఐదు తీస్తాడు. మధ్యలో చచ్చినవాళ్లకేం పని?”

మంగలి సబాతీనో నురగ పూస్తూ తలాడించాడు. నేపుల్స్‌లోని ఆ ఇరుకు సందులో ఈ ఉపన్యాసం వినని చెవి లేదు, నమ్మిన చెవీ లేదు. సందంతా ప్రొఫెసర్ అని పిలిచే ఎర్మేతె కపేచె గారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. అదృష్టమనేది ఎలా నడుస్తుందో తేల్చాలని జీవితమంతా పాచికలు వేశారు, నాణేలు ఎగరేశారు, లావుపాటి పుస్తకం రాసి సొంత ఖర్చుతో అచ్చేయించారు. విశ్వవిద్యాలయంలోని ఒక పెద్దమనిషి అది అందిందని మర్యాదగా జవాబు రాశాడు. చదివానని రాయలేదు.

ఆయన్ని పండితుణ్ణి చేసింది ఆ పుస్తకం మొహం చూడనివాళ్లే. ఒకరోజు ఇదే దుకాణంలో చేపలమ్మే చీరో, చాలాకాలంగా రాని అంకె ఈసారి రాక తప్పదు కదా అన్నాడు. కపేచె గారు మండిపడి, మీరంతా పిచ్చివాళ్లని బల్ల గుద్దారు. కాఫీ ఒలికి ఆయన ప్యాంటు మీద పడింది. కలకీ కీడుకీ అంకెలు కట్టుకునే ఆ సందులో పిచ్చివాడంటే ఇరవై రెండు, కాఫీ అంటే నలభై రెండు. శనివారం లాటరీలో రెండూ వచ్చాయి. సందులోవాళ్లతో పాటు సబాతీనో కూడా ఆ అంకెలే కొన్నాడు. ప్రొఫెసర్ గారు ఇప్పుడు మొహం చూసుకుంటున్న అద్దం ఆ డబ్బుతో వచ్చిందే. ఆ మాట ఆయనతో ఎవరంటారు?

పాపవిమోచన లోకంలోని ఆత్మలు కొందరి చెవిలో అంకెలు ఊదుతాయని అక్కడివారి నమ్మకం. అలాంటి మనిషి అంకెను సూటిగా చెప్పడు, డొంకతిరుగుడుగా మాట్లాడతాడు. అన్నిటికన్నా ముందు, నాకేమీ తెలియదంటాడు. కపేచె గారు ఆ మాట రోజుకు పదిసార్లు అనేవారు. అన్నకొద్దీ ఆయన మహిమ పెరిగింది. విసిగి వారం రోజులు నోరు మూసుకున్నారు. నోరంటే ఎనభై. ఖర్మకొద్దీ ఎనభై కూడా వచ్చింది.

అంతవరకు నవ్వులాటే. మొన్న గురువారం మాత్రం సందు మొదట్లో పిజ్జాలు వేయించే అసుంతమ్మ ఆయన గుమ్మం ఎక్కింది. భర్త పోయాక ముగ్గురు పిల్లల్ని ఆ మూకుడే పెంచింది. దాన్నీ, కొట్టు జాగానూ బొగ్గులవాడికి అమ్మేసి, వచ్చినదంతా ఈ శనివారం అంకెల మీద పెడతానంది. వద్దు తల్లీ అని బతిమాలుతుంటే ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. ఆమె చటుక్కున ఆయన చెయ్యి ముద్దుపెట్టుకుంది.

“ఏడుపు అరవై ఐదు. మా కడుపు నింపారు ప్రొఫెసో.”

ఆ రాత్రి ఆయనకు నిద్ర లేదట. ఈ సంగతంతా చెప్పి, ఆయన జేబులోంచి లాటరీ టికెట్టు తీసి సబాతీనో చేతిలో పెట్టారు. కత్తి గడ్డం కింద ఆగిపోయింది.

“ఎవరిదిది?”

“నాదే. పొద్దున లైన్లో నిలబడి కొన్నా. మీ శాస్త్రం ప్రకారం ఆత్మలు పలికేవాడు సొంతానికి ఆడకూడదుగా? ఆడితే అవి వదిలేసి పోతాయిగా?”

“పోతాయి మరి. మా తాత కాలంలో ఒకడికి అలాగే పోయాయి.”

“నావీ పోయాయి. కానీ ఆ లైన్లో ఉన్నవాళ్లు టోపీలు తీసి దారిచ్చారయ్యా. ఏ అనాథల కోసమో కొంటున్నానట. సొంతానికే అని అరిచినా నమ్మలేదు.” ఆయన గొంతు తగ్గింది. “నా పుస్తకంలో మొదటి వాక్యం తెలుసా? ఈ రచయిత ఒక్క టికెట్టూ కొని ఎరగడు.”

సబాతీనో కత్తి మళ్లీ ఎత్తాడు. పెద్దాయన మొహం ఒక పక్కే నున్నగా ఉంది. అయినా అలవాటు చొప్పున అతని చూపు మడత పెట్టిన టికెట్టు మీదికే పోయింది.

“ఇంతకీ ఏ అంకెలు వేశారు?”

కపేచె గారు టికెట్టు లాక్కున్నారు.

“ఆ తువ్వాలిలా ఇవ్వు, మిగతాది నేను గీసుకుంటా. మధ్యాహ్నం లోపల బొగ్గులవాడు బేరానికి వస్తాడు. నువ్వు పరిగెత్తు. అసుంతమ్మ నా మాట వినదు గానీ నీ మాట వింటుంది. కపేచెగాడు సొంతానికి ఆడాడు, నా కళ్లతో చూశాను, ఇక వాడి ఏడుపు ఉత్త ఏడుపేనని చెప్పు. వీధి మధ్యలో నిలబడి చెప్పు సబాతీ, నా పరువు మొత్తం తీసి రా.”