పొట్టి స్టెప్నీ

మా తోడల్లుడి మీద నాకు కుళ్ళు పెళ్ళిపీటల మీదే మొదలైంది. నేను తలంబ్రాలు పోస్తుంటే మా మామగారు నావైపు చూడకుండా, పందిట్లో కుర్చీలో కూర్చున్న పెద్దల్లుడి వైపు తిరిగి "మజ్జిగ తాగినారా?" అని అడిగారు. ఆ వేళప్పుడు అడగవలసిన మాటేనా అది? పీటల మీద ఉన్నవాణ్ణి నేను. ఇన్నేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే నాకు కడుపు మండుతుంది.

యాభైల చివర్లో మేమిద్దరం గూడూరు రైల్వే స్టేషను ముందు బాడుగ కార్లు నడిపేవాళ్ళం. అతనిది నల్లటి కొత్త కారు. పొద్దున్నే తుడిచి నిలబెడితే అందులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. నాది ఎవరో దొర వదిలేసి పోతే నలుగురి చేతులు మారి నా దగ్గరికి వచ్చిన పాత విలాయతీ బండి. నెల్లూరి నుంచి పెళ్ళివారు దిగితే నా బండి దాటుకుని అతని బండి దగ్గరికి పోయేవాళ్ళు. అత్తగారింట్లోనూ ఇదే వరస. అతను వస్తే "అల్లుడు గారొచ్చినారు, నీళ్ళు తీసుకురాండి" అని ఇల్లంతా హడావిడి. నేను వస్తే మా మామగారు పేపరు దించకుండానే "ఏమయ్యా, ఇప్పుడేనా రావడం?" అనేవారు. ఆయన మడిచెక్క నాలుగు చినుకులు చూసినా ముందు పెద్దల్లుడికే కబురు. నా భార్య రెండో కూతురు కావడం ఆవిడ తప్పు కాదు, నా తప్పు అంతకన్నా కాదు.

అతని కారుకు ఐదు చక్రాలూ ఒకే సైజు. నాకు బాగా కంటగింపుగా ఉండేది అదే. నా స్టెప్నీ ఒక వేసవిలో పగిలిపోయింది. ఆ సైజు చక్రం మద్రాసులో కూడా దొరకడం మానేసి చాలా కాలమైంది. గూడూరులో మా మేస్త్రీ ఏదో చిన్న కారుది ఒకటి వెతికి తెచ్చాడు. బోల్టులు సరిపోయాయి. ఎత్తు మాత్రం రెండు అంగుళాలు తక్కువ. బిగిస్తూనే నాకు గట్టిగా చెప్పాడు.

"ముందర వేసుకో, నిదానంగా ఇంటికి చేరతావు. వెనకాల మాత్రం వెయ్యబాక నాయనా. వెనక చక్రం పంచరైతే, ముందర మంచి చక్రం ఊడదీసి వెనక్కి వెయ్. ఈ పొట్టిదాన్ని ముందర బిగించు. రెండు మాట్లు జాకీ ఎత్తాల్సిందే."

ఇంజను బలమంతా వెనక రెండు చక్రాలకే పోతుంది. ఒకటి పొట్టిదైతే పెద్దదానితో సమానంగా పోవడానికి అది ఎక్కువ చుట్లు తిరగాలి. ఆ తేడా అంతా మధ్యలో ఉన్న పళ్ళచక్రాల మీద పడుతుంది. మేము దాన్ని క్రౌను అనేవాళ్ళం. మలుపు తిరిగేటప్పుడు మాత్రమే పనిచేయాల్సిన పళ్ళు తిన్నటి రోడ్డు మీద కూడా ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి. ఇదంతా నాకు తెలియక కాదు.

అరవైల్లో ఒక ఎండాకాలం మా చిన్న మరదలికి ఏడో నెల వచ్చింది. ఆమెను ముత్తుకూరులో ఇచ్చారు. తొలికాన్పుకు పుట్టింటికి, చిల్లకూరు దగ్గర మా అత్తగారి ఊరికి తీసుకురావాలి. మా మామగారు స్వయంగా గూడూరులో మా ఇంటికి వచ్చారు. అంతకు ముందు ఆయన పని మీద మా గడప తొక్కింది లేదు.

"పెద్దల్లుడి కారుకు గురువారం కృష్ణపట్నం బాడుగ ఉందంట. నువ్వు పొయ్యి పిల్లను తీసుకురాగలవా?" అన్నారు.

తీసుకురా అంటే సరిపోయేది. ఆ 'గలవా' ఎందుకు? అయినా మింగేశాను. వెళ్ళబోతూ బండి వెనక పెట్టెలో ఉన్న స్టెప్నీని వంగి చూశారు.

"ఈ పొట్టి చక్రం సంగతి మేస్త్రీ నాకూ చెప్పినాడు. కడుపుతో ఉండే పిల్ల. దాన్ని వెనకాల వేసేది మాత్రం లేదు. మాటియ్యి."

"వెయ్యను మామా" అని చేతిలో చెయ్యేసి చెప్పాను. ఆయన నన్ను నమ్మి అప్పగించిన మొదటి పని అది. ఇది చక్కగా చేస్తే ఆ ఇంట్లో నాకూ ఒక పీట పడుతుందని ఆ రాత్రంతా లెక్కలు వేసుకున్నాను.

గురువారం ఒంటిగంటన్నరకు రాహుకాలం వస్తుంది. ఆ లోపల మరదలు పుట్టింట్లో అడుగు పెట్టాలి. నేనూ నా భార్యా పొద్దున్నే ముత్తుకూరు చేరాం. వాళ్ళత్తగారు చలిమిడి పెట్టి, పూలు పెట్టి, ఇంకో అరగంట ఏడ్చి పంపేసరికి పదకొండు అయింది. సరుగుడు తోటల మధ్య కంకర రోడ్డు మీద నాలుగు మైళ్ళు వచ్చామో లేదో, వెనక ఎడమ చక్రం పంచరైంది.

మేస్త్రీ చెప్పినట్లు చేస్తే గంట పడుతుంది. జాకీ పెట్టి వెనక చక్రం ఊడదీశాను. ఇంకా ముందు చక్రం దగ్గరికి పోనేలేదు, వెనకనుంచి దుమ్ము లేచింది. కృష్ణపట్నం రోడ్డు మీద అంత నున్నగా వచ్చే కారు ఒకటే, మా తోడల్లుడిది. బాడుగ దింపేసి ఖాళీగా వస్తున్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. నేను రోడ్డు మీద రెండు చక్రాలు ఊడదీసుకుని చొక్కా లేకుండా కూర్చుని ఉంటే, అతను దిగి సాయం చేసి, ఆ కథ సాయంత్రానికి మా మామగారికి చేరి... వద్దనుకున్నాను. పొట్టి చక్రాన్ని వెనకాలే ఎక్కించి నాలుగు నట్లూ బిగించేశాను. జాకీ దించి లేచేసరికి అతని కారు వచ్చి ఆగింది. నేను పంచె కుచ్చెళ్ళు విప్పి రెండు చేతులతో అటూ ఇటూ పరిచి పట్టుకుని, చెమట ఆరబెట్టుకుంటున్నట్లు ఆ చక్రానికి అడ్డంగా నిలబడ్డాను.

"ఏమైంది తమ్ముడూ?"

"ఏం లేదన్నా. పిల్లకు కడుపులో తిప్పుతుందంటే కాసేపు ఆపినా."

మరదలు నావైపు చూసింది. నా భార్య నావైపు చూసిన చూపు గురించి ఇక్కడ రాయను. అతను ఒక పక్కకు ఒరిగిన నా బండిని చూశాడు, నా పంచె చూశాడు.

"అట్లయితే పిల్లను నా కార్లో పంపరాదా? కుదుపు తక్కువ."

"అక్కర్లేదు. మామ నన్ను రమ్మన్నాడు, నేనే తీసకపోతా" అన్నాను. ఆ మాటలో ఉన్న కారం అతనికి తగిలే ఉంటుంది. సరే తమ్ముడూ, నేనూ మామ ఇంటికే పోతున్నా, నిదానంగా రా అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ 'నిదానంగా' అన్న మాటే నన్ను రెచ్చగొట్టింది. నాకు నేర్పేవాడా? అతను ముందు చేరి, అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగుతూ నా కోసం ఎదురుచూడటం కళ్ళకు కట్టింది. నెల్లూరు దాటి ట్రంకు రోడ్డు ఎక్కాక నలభై మైళ్ళ వేగం తగ్గించలేదు. మనుబోలు దాటాక వెనకనుంచి సన్నగా ఊళ వినిపించింది. వినపడనట్లు నటించాను. తరవాత కాలిన నూనె వాసన వచ్చింది.

"ఏందండీ ఆ వాసన?" అంది నా భార్య.

"ఎవరో పొలంలో చెత్త కాలుస్తున్నారు" అన్నాను.

ఇంకో మూడు మైళ్ళు ఉందనగా వెనక ఫట్‌మని పెద్ద చప్పుడైంది. ఇంజను తిరుగుతోంది, బండి కదలదు. కిందికి దిగి చూస్తే క్రౌను నుంచి నల్లగా నూనె కారుతోంది. టైము పావు తక్కువ ఒకటి. మరదలు తుమ్మచెట్టు నీడలో పొట్ట పట్టుకుని కూర్చుంది. నన్ను నాలుగు తిట్టి ఉంటే కొంచెం తేలికయ్యేది. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. పందెం నాదీ అతనిదీ, దానికి ఈ పిల్లను ఎండలో కూర్చోబెట్టానని తెలిసింది.

మేము రాకపోయేసరికి అతనే వెనక్కి వచ్చాడు. అక్కచెల్లెళ్ళిద్దరినీ కార్లో ఎక్కించుకున్నాడు. నా భార్య ఎక్కుతూ వెనక్కి తిరిగి నన్ను చూడలేదు. ఒంటిగంటన్నరకు ఇంకా పది నిమిషాలు ఉండగానే మరదలు గడప లోపలికి అడుగు పెట్టిందని తరవాత తెలిసింది.

నేను ఎండలో ఒంటరిగా నిలబడి, ఇక మామగారి ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడాలా అని ఆలోచిస్తుంటే, అతను మళ్ళీ వచ్చాడు. ఈసారి ఒక్కడే.

"మామ ఎద్దులు తోలుకొస్తున్నాడు, బండిని లాక్కొనిపోయేదానికి. జాకీ తియ్" అన్నాడు.

"ఎందుకు?"

"మామకు మాటిచ్చినావంట గదా, ఏం మాట్లాడబాక. జాకీ తియ్."

చొక్కా విప్పి తన కారు మీద వేసి, రోడ్డు మీద మోకాళ్ళు ఆనించి కూర్చున్నాడు. కాలిపోతున్న నట్లను గోనెపట్టాతో పట్టుకుని తిప్పాడు. వెనకనుంచి పొట్టిదాన్ని తీశాడు. ముందర మంచి చక్రాన్ని తీసి వెనకాల ఎక్కించి, పొట్టిదాన్ని ముందర బిగించాడు. నేను అతనికి నట్లు అందిస్తూ నిలబడ్డాను. అరగంటలో పని అయిపోయింది.

ఇంకాసేపటికి మామగారు ఎద్దులతో వచ్చారు. ఎవరినీ పలకరించకుండా ముందు బండి వెనక్కి వెళ్ళి చూశారు. తరవాత ముందుకొచ్చి పొట్టి చక్రాన్ని కర్రతో తట్టారు. నా భుజం మీద చెయ్యి వేశారు.

"పాత బండి, విరిగితే నువ్వేం చేస్తావు? మాట మాత్రం తప్పలేదు. నా అల్లుడివి అనిపించుకున్నావు" అన్నారు.

ఆ మాట కోసం నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో నాకే తెలుసు. తోడల్లుడి వైపు చూశాను. అతను మట్టితో చేతుల మడ్డి రుద్దుకుంటున్నాడు. ఒక్కసారి నావైపు చూసి వెక్కిరింతగా నవ్వి ఉంటే, కనీసం కన్నుగీటి ఉంటే, ఆయుష్షు ఉన్నంతకాలం అతన్ని హాయిగా ద్వేషించేవాణ్ణి. అతను తల ఎత్తలేదు. చేతులు దులుపుకుని, ఎద్దులకు తాడు కట్టడానికి వెళ్ళాడు.